నబ్జ్ చూడకుండా దవా

మా ఆపా కొడుకు బుల్లెట్ పొద్దున పూట మొరాయించడం మొదలై నెలన్నర అయింది. క్లాసిక్ 500, ఫ్యూయల్ ఇంజెక్షన్ బండి. దుల్హేభాయ్ జెద్దా పోతూ కొడుకు చేతిలో పెట్టిపోయిన అమానత్ అది. వాడు ముందు సైలెన్సర్ మార్చాడు, తర్వాత ఎయిర్ ఫిల్టర్ మార్చాడు. (ఫజర్ టైముకి ఆ సైలెన్సర్ మోత మొదలైతే గల్లీలో బుజుర్గులు ఏమని దువా చేసేవారో నేను రాయలేను.) గాలి ఎక్కువ లాగుతోంది కాబట్టి పెట్రోలు కూడా ఎక్కువ కావాలని చెప్పి సీటు కింద ఒక ట్యూనింగ్ డబ్బా బిగించారు.

ఆ డబ్బా పని ఏమిటో మా ఆపాకు చెప్పినట్టే మీకూ చెబుతాను. కంపెనీ బండిలో ఈసీయూ అనే చిన్న కంప్యూటర్ ఉంటుంది. ఇంజన్ ఎంత వేడిగా ఉంది, యాక్సిలేటర్ ఎంత తిప్పారు, గాలి ఎంత పోతోంది, ఇవన్నీ చూసి ఇంజెక్టర్‌ని సెకనులో వెయ్యో వంతుల లెక్కన తెరుస్తుంది. ఆ సిగ్నల్‌ని పల్స్ అంటారు. నా ఉర్దూ మీడియం బుర్రకి అది నబ్జ్. ట్యూనింగ్ డబ్బా ఈసీయూకి ఇంజెక్టర్‌కి మధ్యలో కూర్చుని ఆ నబ్జ్‌ని కాస్త పొడుగో పొట్టో చేసి పంపుతుంది. ఎక్కడ ఎంత చేయాలో చెప్పే లెక్కల పట్టికే మ్యాప్.

పిల్లవాడిది ఒక ల్యాబులో పొద్దున ఆరు గంటల డ్యూటీ. రెండుసార్లు లేటయ్యాడు. మూడోసారి లేటైతే రానక్కర్లేదన్నారు. బటన్ నొక్కితే ఇంజన్ తిరుగుతుంది, అంటుకోదు. పదిహేను నిమిషాలు తంటాలు పడితే ఎప్పుడో అందుకుంటుంది. ఒకసారి అందుకుందంటే సాయంత్రం దాకా ఏ షికాయత్ ఉండదు. డబ్బా బిగించిన షాపువాళ్లు 'పెట్రోలు ఎక్కువై ఫ్లడ్ అవుతోంది' అని రెండుసార్లు మ్యాప్ తగ్గించారు. రెండుసార్లూ డబ్బు తీసుకున్నారు. బండి ఇంకా మొండికేసింది, పైగా వేడెక్కడం మొదలుపెట్టింది. ఆపా 'బేచ్ డాలో, స్కూటీ కొనుక్కో' అంది. అబ్బా అమానత్ ఎట్లా అమ్మేదని వాడు అన్నం మానేశాడు.

చాదర్‌ఘాట్ వైపు నాకు తెలిసిన ఉస్తాద్ ఒకాయన ఉన్నారు. అరవై దాటినాయన. అక్కడికి పోదామంటే మావాడు మొహం ముడిచాడు. "మామూ, ఆయన కార్బరేటర్ జమానా మనిషి. ల్యాప్‌టాప్ లేకుండా ఏం చూస్తారు?"

అందరూ అంటున్న మాటే అది. 2020 ఏప్రిల్‌లో బీఎస్ 6 వచ్చాక కొత్త బైకుల్లో కార్బరేటర్ దాదాపు మాయమైంది. మన గల్లీల్లో ఎన్ని ఇళ్ల చూల్హా ఈ మెకానిక్ పని మీద వెలిగిందో మీకు తెలుసు. ఇప్పుడు ఆ చేతుల్ని పాతవని పక్కన పెడుతున్నాం.

బండిని రాత్రే ఆయన దుకాణంలో వదిలి రమ్మన్నారు. చల్లగా ఉన్నప్పుడు వచ్చే బీమారీని చల్లగా ఉన్నప్పుడే చూడాలి కదా. పొద్దున మేం పోయేసరికి చాయ్ తాగుతూ కూర్చున్నారు. ఏదీ విప్పలేదు. ముందు తాళం ఆన్ చేసి చెవి పెట్టారు. ట్యాంకులో పంపు రెండు సెకన్లు గుయ్‌మని ఆగింది. అంటే పెట్రోలు పైకి వస్తోంది. పది సెకన్లు సెల్ఫ్ కొట్టి, ప్లగ్ విప్పి మావాడి చేతిలో పెట్టారు.

"దేఖ్ బేటా. తడిగా ఉందా?"

"పొడిగా ఉంది చాచా."

"ఫ్లడ్ అయిన బండి ప్లగ్ పెట్రోలులో నానుతుంది, నల్లగా మసిబారుతుంది. ఇది సూఖా. ఇంజెక్టర్ తెరుచుకోవట్లేదు. తగ్గించమని ఎవరు చెప్పారు?"

తర్వాత డబ్బా కప్లర్లు ఊడదీసి కంపెనీ కప్లర్లు ఒకదానికొకటి కలిపారు. బటన్ నొక్కగానే అంటుకుంది. మావాడు ఎగిరి 'డబ్బా ఖరాబ్' అన్నాడు. నేనూ అదే అనుకున్నాను. ఉస్తాద్ మాత్రం 'సబర్' అని ఇంజన్ చల్లారనిచ్చి, మళ్లీ డబ్బా కలిపి, "ఇప్పుడు కిక్ కొట్టు" అన్నారు. ఆ మోడల్‌కి సెల్ఫ్‌తో పాటు కిక్ కూడా ఉంటుంది. మావాడు దాన్ని ఏనాడూ ముట్టలేదు. రెండో కిక్‌కి బండి లేచింది. డబ్బా ఉంది, అదే మ్యాప్ ఉంది.

మ్యాప్ తప్పయితే కిక్‌కి కూడా లేవకూడదు. సెల్ఫ్ కొట్టినప్పుడు మాత్రమే డబ్బా చచ్చిపోతోందన్నమాట. ఉస్తాద్ మల్టీమీటర్ తీశారు. ఒక కొస బ్యాటరీ మైనస్ మీద, ఇంకో కొస ఇంజన్ మీద పెట్టి సెల్ఫ్ కొట్టించారు. అక్కడ సున్నాకి దగ్గరగా చూపించాలి. ఒకటిన్నర వోల్టు చూపించింది. డబ్బా బిగించినవాళ్లు దాని ఎర్త్ రింగును బ్యాటరీకీ అసలు మోటా తీగకీ మధ్యలో ఇరికించారు. పాత బోల్టు పొట్టిదైపోయి బిగువు రాలేదు, మధ్యలో తెల్లటి పొడి పట్టింది. సెల్ఫ్ మోటారు కరెంటంతా ఆ వదులు గుండానే పోవాలి. రాత్రంతా ఉండి బ్యాటరీ నీరసించిన పూట బండికి అందే వోల్టులు ఇంకా పడిపోతాయి. ఈసీయూ ఓర్చుకుంటుంది గానీ డబ్బా రీసెట్ అవుతుంది. అది రీసెట్ అయితే నబ్జ్ ఆగినట్టే.

ఎమరీ పేపర్‌తో రుద్ది, పొడుగు బోల్టు వేసి, మోటా తీగ కింద, డబ్బా రింగు పైన పెట్టి, కాస్త వాజిలిన్ రాశారు. బ్యాటరీని ఒక పూట ఛార్జింగులో పెట్టమన్నారు. మొదటి మ్యాప్ మళ్లీ ఎక్కించుకోమన్నారు, పెట్రోలు తగ్గించి నడిపితే ఇంజన్ కాలిపోతుందని. రెండు వందలు తీసుకున్నారు. ఇంకో మూడు వందలు ఇవ్వబోతే "బోల్టుకి అంత కైకు?" అని జేబులో తిరిగి పెట్టారు.

ఇప్పుడు ఆదివారాలు మావాడు తన ల్యాప్‌టాప్ పట్టుకుని ఆ దుకాణానికి పోతున్నాడు. ఉస్తాద్‌కి మ్యాప్ చదవడం నేర్పిస్తున్నాడట. ఆయన కళ్లజోడు సర్దుకుని మొదటి రోజే అడిగారట, "ఈ గీతల్లో ప్లగ్ తడి ఎక్కడ కనిపిస్తుంది బేటా?"