టోకియో నగరమును, మా అమ్మయు

మా అమ్మ డెబ్బదియవ యేట జపానుదేశమునకు పోవుచున్నదని తెలిసినప్పుడు బంధువులలో పెద్దలు కొందఱు నొసలు చిట్లించిరి. సముద్రయానము నిషిద్ధమని వాదించుటకు ఇప్పుడెవ్వరికిని నోరు రాదు; వారి బిడ్డలే డల్లాసులోను మెల్బోర్నులోను ఉన్నారు. కావున "ఈ వయస్సులో అంత దూరమెందుకు?" అని మాత్రమనిరి. మా చెల్లెలు టోకియోలో కాపురముండి ఆఱేండ్లయినది. మనుమరాలిని చూడవలెనని అమ్మ పట్టుపట్టినది. వేసవి సెలవులగుటచే నేను తోడు పోయితిని.

నన్ను ఆశ్చర్యపఱచినది ఆమె పట్టుదల కాదు. మాది దివిసీమ. కృష్ణ సాగరమున గలియు హంసలదీవి మా యూరికి పది మైళ్లు. మాఘపూర్ణిమకు ఊరంతయు స్నానమునకు పోయినను అమ్మ కదలలేదు. ఇప్పుడు నేను బందరులో ఉపాధ్యాయుడనై యున్నాను. పిల్లలను మంగినపూడికి తీసికొనిపోయినప్పుడును ఆమె యిల్లు విడువలేదు. 1977 నవంబరు 19వ తేదీ మొదలు ఆమె సముద్రమును చూడలేదు. కారణము మా యింట అందఱికిని తెలియును, ఎవ్వరును పలుకరు. ఆ దినపు ఉప్పెనలో పదివేలకు పైగా జనము పోయిరి. మా అమ్మ ముండ్లతుమ్మ నొకదానిని పట్టుకొని బ్రదికినది. చంకలోని యేడాదిన్నర బిడ్డ జాఱిపోయెను. అతడు నాకు అన్న. నేను అటు పిమ్మట పుట్టినవాడను.

టోకియోను వర్ణింపబూనుట నా వంటివానికి సాహసము. నగరపాలన క్రిందనున్న జనమే కోటి నలువది లక్షలు. చుట్టునున్న పట్టణములతో గూడ మూడున్నర కోట్లు దాటును. అంత జనమున్నను రైలులో నొక్కరి గొంతు వినబడదు. మొదటి దినము నేను తెలుగున బిగ్గఱగా మాటలాడి, నలుగురు తల వంచుకొనుట చూచి, గొంతు తగ్గించుకొంటిని. తరగతి గది యలవాటు. బందరు అద్దకపు బట్టలను పూర్వము డచ్చివారు ఆ దేశమునకు కొనిపోయిరనియు, వానిని అక్కడివారు సరస యని పిలిచి ముక్కముక్కగా దాచుకొనిరనియు చదివియుండుటచే యుయెనో ప్రదర్శనశాలకు ఆశతో పోయితిని. ఆ వారమున అవి ప్రదర్శనయందు లేవు. పెడన వీథులలో దినమును కనబడు వస్తువును చూచుటకు టోకియో పోనేల యని మా చెల్లెలు నవ్వెను.

చెల్లెలి కాపురము నిషికసాయి యను చోట. అది ఎదొగవా యను విభాగములోనిది. మనదేశమువారు అచ్చట మెండు. రెండు నదులు సముద్రమున గలియు నడుమనున్న నేల. ఇది విన్నంతనే అమ్మ "ఇది కూడా సీమేనన్నమాట" అనెను. (అమ్మ మాటలను ఉన్నవి యున్నట్లే వ్రాయుచున్నాను.) ఆమె మాట తప్పు కాదు. ఒకప్పుడు కర్మాగారములవారు భూగర్భజలమును విచ్చలవిడిగా తోడుటచే ఆ నేల క్రుంగినది. ఆ విభాగములో నూటికి డెబ్బదిపాళ్లు పోటునాటి నీటిమట్టమునకు దిగువనున్నది. గట్లే దానిని కాపాడుచున్నవి. 1917లో తుపాను ఉప్పెన ఆ తీరమును ముంచినది. బందరును 1864 నవంబరు 1వ తేది రాత్రి ముంచిన ఉప్పెన ముప్పదివేల ప్రాణములు గొన్నదని మనము చదువుకొందుము. అక్కడివారికిని అట్టి జ్ఞాపకములున్నవి.

బల్లమీద నొక పటము కనబడెను. 2019లో ఆ విభాగమువారు ఇంటింటికిని పంచిన వఱద పటమది. దాని యట్టమీది మాటను మా బావమఱది తెలుగు చేసి చెప్పెను: 'ఇక్కడ ఉండరాదు.' పెద్దవఱద వచ్చునని తెలిసినచో విభాగము విడిచి ముందే పొండనియు, నీరు రెండువారములకు మించి నిలువవచ్చుననియు అందులోని సారము. ఏలువారు తమ ప్రజలతో అట్లనుట నాకు మొదట క్రూరముగ తోచినది. అమ్మకు అట్లు తోచలేదు. ఆ పటమును చాలసేపు నిమిరి, "మాకు గాలివాన అన్నారు. నీళ్లొస్తాయని ఎవరూ చెప్పలేదు" అనెను. నలువది యేండ్లకు పైబడిన నా జీవితములో ఆ దినమును గూర్చి ఆమె నాతో పలికిన మొదటి మాట యది.

చుట్టుపట్ల ఒక దినములో పోయి రాదగిన చోట్లు ఎన్నో యున్నవి. నిక్కో దేవాలయములు మిక్కిలి రమ్యములని యందఱును చెప్పిరి. అమ్మ పటమును చూచిన పిదప మా బావమఱది ముందుగా కసుకబె యను పట్టణమునకు కొనిపోయెను. నగరమునకు ఉత్తరముననున్న ఆ చోట భూమిక్రింద వఱదకాలువ యొకటి కలదు. 1993లో మొదలుపెట్టి 2006లో పూర్తిచేసిరి. చిన్నయేళ్లు పొంగినప్పుడు ఆ నీరు డెబ్బది మీటరుల లోతుగల గొట్టపుబావులలోనికి దిగి, ఆఱు కిలోమీటరులకు పైబడిన సొరంగమున నడచి, ఒక పెద్ద తొట్టిని చేరును. అచ్చటనుండి యంత్రములు దానిని ఎదొగవా నదిలోనికి తోడును. సుమారు నూఱు మెట్లు దిగి ఆ తొట్టిలో నిలిచితిని. ఏబదితొమ్మిది స్తంభములు, ఒక్కొక్కటి పదునెనిమిది మీటరుల యెత్తు. జనము దానిని దేవాలయమందురు. విగ్రహము లేదు, నైవేద్యము లేదు. అడుగున బురద మరకలు మాత్రము కలవు. నాకు చేతులు జోడింపవలెననిపించినది. ప్రక్కవారు నవ్వుదురని మానితిని.

అమ్మకు మోకాళ్ల నొప్పి. దిగలేక పైన గడ్డిమైదానములో కూర్చుండెను. నేను వచ్చి అంతయు వివరింపగా విని, "ఆ యేరు ఎటు పోతుంది?" అని యడిగెను. దక్షిణముగా సముద్రమునకు అంటిని. "అంటే పిల్ల ఇంటి పక్కకేగా?" అనెను. మాలో నెవ్వరును బదులు చెప్పలేదు.

ఆదివారమున కామకురకు పోయితిమి. టోకియో స్టేషనునుండి గంట ప్రయాణము. అచ్చటి కంచు బుద్ధవిగ్రహము పదునొకండు మీటరుల పొడవు. పదుమూడవ శతాబ్దమున పోతపోసినది. అమితాభుడట. ఆ విగ్రహమునకు ఒకప్పుడు పెద్ద మందిరముండెడిది. 1498లో సముద్రము పొంగి దానిని కొనిపోయినదని స్థలపురాణము. అంతకుమునుపే అది కూలినదని చెప్పు పండితులును కలరు. ఏమైనను నాటినుండి ఆ బుద్ధుడు ఎండకును వానకును బయటనే కూర్చుండియున్నాడు. ఘంటసాల స్తూపపు శిథిలములను, గుడివాడ దిబ్బను చూచి పెరిగినవాడనగుటచే నాకు ఆ ముఖము క్రొత్తది కాలేదు. మన నాగార్జునాచార్యుని వారిలో కొన్ని శాఖలవారు ఇప్పటికిని తమ గురుపరంపరలో మొదటివానిగా తలతురు.

అక్కడికి కొంతదూరమున హసెదెర యను ఆలయము. మెట్లెక్కుచు అమ్మ నిలిచిపోయెను. ప్రక్కన జానెడేసి రాతిబొమ్మలు, వందలకొలది, గుండుతలలతో, కన్నులు మూసికొని, వరుసలుదీరి యున్నవి. "ఇవేమిటి?" అని యడుగగా మా చెల్లెలు తడబడుచు చెప్పెను: పుట్టకముందును, పసితనమునను పోయిన బిడ్డలకొఱకు తల్లిదండ్రులు నిలిపినవని. ఆ దేవుని పేరు వారి భాషలో జిజో, సంస్కృతమున క్షితిగర్భుడు. పేరున కర్థము చెప్పబోయి నేను మానుకొంటిని. అమ్మ ఒక బొమ్మ తలమీద చేయి వేసి, ఒక పేరు పలికెను. ఆ పేరు నేను మా నాయనగారినోట నొక్కసారి వినియుంటిని, చెల్లెలు విననేలేదు. ఇక్కడ దానిని వ్రాయను.

పిదప బల్లమీద కూర్చుండి నన్నడిగెను: "నాయనా, చిన్నపిల్లవాడికి నీళ్లు వదలకూడదని ఆనాడు పురోహితుడు అన్నాడు. నీ పుస్తకాల్లో నిజంగా అట్లాగే ఉందా?"

ఉన్నది. మూడేండ్లు నిండని బిడ్డకు ఉదకక్రియ లేదని మనుస్మృతి చెప్పును. అయితే పండ్లు వచ్చినవానికి గాని, పేరు పెట్టబడినవానికి గాని చేయవచ్చునని ఆ వెంటనే చెప్పును. మొదటి పాదమును చెప్పి రెండవదానిని విడుచుట మన వైదికులలో పలువురకు అలవాటు. అంతకంటె చెప్పుకొనదగిన తప్పు నాది: నేనా శ్లోకమును ఇరువదియేండ్ల క్రిందటనే చదివితిని. చదివి, పరీక్షలో వ్యాఖ్యవ్రాసి, మంచి గుణములు పొంది, ఇంటికి వచ్చి అమ్మతో నొక్కమాటయు చెప్పలేదు. అది తెలిసినచో ఆమె నొచ్చుకొనునని అప్పుడనుకొంటిని. నా పిఱికితనమునకు దయ యని పేరు పెట్టుకొంటిని.

ఇప్పుడు చెప్పితిని. "వాడికి నాలుగు పళ్లు వచ్చాయి" అనెను అమ్మ.

సముద్రము అచ్చటికి నడకదూరము. యుయిగహమ యందురు. దారిచూపుమని అమ్మయే యడిగెను. ఇసుకమీద నేను చేయి పట్టుకొనబోగా విడిపించుకొని, చెప్పులు విడిచి, చీలమండలు మునుగునంతవఱకు పోయి నిలిచెను. నేను మంత్రము చెప్పనా యని యడిగితిని. వలదనెను. స్త్రీకి అధికారము కలదా యను ప్రశ్న నాకు తోచకపోలేదు. బిడ్డను కన్నదానికంటె అధికారి యెవ్వరో నాకు తెలియలేదు. మూడు దోసిళ్లు విడిచి, అలలు వచ్చి కుచ్చెళ్లు తడుపుచున్నను మఱికొంతసేపు అట్లే యుండెను. అలలమీద పలకలతో ఆడుచున్న పిల్లలు మమ్ము చూచి తలవంచి నమస్కరించి ప్రక్కకు జరిగిరి.

తిరుగురైలులో ఆమె చెల్లెలి భుజముమీద నిద్రపోయెను. చీర అంచున ఇసుక అంటియుండెను.

మఱునాటి ఉదయమున కాఫీ త్రాగుచు అమ్మ ఆ పటమును తిరిగి తెమ్మనెను. నీరు వచ్చునన్న నాడు ఏ రైలెక్కి ఎటు పోవలెనో చూపుమని అల్లుని అడిగెను. అతడు వ్రేలితో గీచి చూపెను. ఆమెకది చాలలేదు, అయిదేండ్ల మనుమరాలిని ఒడిలో కూర్చుండబెట్టుకొని, ఆ దారి చెప్పుమనెను. పిల్ల స్టేషనుల పేర్లు వరుసగా చెప్పుచుండ అమ్మ వ్రేళ్లు మడచి లెక్కించుచు, ఒకటి తప్పిపోగా "మళ్లీ మొదటినుంచి" అనెను.