పెద్దల పొలము

భాద్రపద బహుళ అమావాస్యను మా తెలంగాణమున పెత్రమాస యందురు. ఆనాడు గతించిన పెద్దల పేరులు చెప్పి బియ్యము, కూరగాయలు ఇచ్చుట ఆచారము. ఆ సాయంకాలమే ఆడపడుచులు ఎంగిలిపూల బతుకమ్మ నాడుదురు. 2023 అక్టోబరు 14న ఈ పర్వదినమునకు మా కుటుంబము వారందరము స్వగ్రామమున కలిసికొంటిమి.

మా గ్రామము పాలకుర్తికి చేరువ. మేము అన్నదమ్ములము ముగ్గురము. నేను జనగామలో ప్రధానోపాధ్యాయుడనుగా పనిచేసి విరమించితిని. పెద్దతమ్ముడు మానుకోటలో, అనగా మహబూబాబాదులో, వర్తకుడు. చిన్నతమ్ముడు భూపాలపల్లి బొగ్గుగనిలో కొలువు చేసినవాడు. పూర్వము మేమందరము వరంగల్లు జిల్లావారమే. 2016 అక్టోబరు 11న జిల్లాల విభజన జరుగగా మూడు జిల్లాలవారమైతిమి. అయితే మమ్ము వేరుచేసినది జిల్లాల హద్దు కాదు, నా సంతకము.

1994లో జనగామలో ఇల్లు కట్టదలచి, నా వాటాకు వచ్చిన రెండెకరముల చెలకను కౌలు చేయుచున్న రైతునకే అమ్మితిని. మా తాతగారి సమాధి, నాయనగారి సమాధి ఆ చెలకలోనే కలవు. దస్తావేజునందు నాలుగు హద్దులును వ్రాయించితిని గాని సమాధుల మాట వ్రాయింపనైతిని. తమ్ముల నడుగనైతిని. "నాయినను గూడ అమ్ముకుంటివా, అన్నా?" అని చిన్నవాడు ప్రశ్నించినాడు. నాకు బదులు తోచలేదు. ఆపై వాడు నా గడప త్రొక్కలేదు.

వాని కోపము అకారణము కాదు. భూమికొరకు నెత్తురు చిందిన ప్రాంతము మాది. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ తన నాలుగెకరముల సాగును విసునూరు దేశముఖునకు విడువక ఎదిరించి నిలిచినది. 1946 జులై 4న కడవెండిలో దేశముఖు మనుష్యులు కాల్చిన తుపాకి గుండ్లకు దొడ్డి కొమరయ్య నేలకొరిగినాడు. ఈ కథలను మా నాయనగారు ఆ చెలక గట్టుమీదనే కూర్చుండి మాకు చెప్పెడివారు.

పెత్రమాసనాడు ఉదయము అందరితో చెలకకు బయలుదేరితిని గాని నా కాళ్లు వెనుకాడుచుండెను. నాగళ్లు పోయి ట్రాక్టర్లు వచ్చిన కాలము. ఆ రాళ్లు ఎన్నడో మట్టిలో కలిసియుండునని తలచితిని. ఇంతలో తంగేడుపూలకై ముందు పరుగెత్తిన పిల్లలు "తాతా, ఇక్కడనే ఉన్నయి!" అని కేకవేసిరి.

పత్తిచేని నడుమ, వేపచెట్టు క్రింద, రెండు సమాధులును క్రొత్త సున్నముతో తెల్లగా నుండెను. వాటి చుట్టును గుంటెడు నేల దున్నక విడువబడియుండెను. నాయొద్ద కొన్న రైతు అప్పటికే గతించెను. ఆయన కుమారుడు మాకు ఎదురువచ్చెను.

"ఇంత నేల యేల విడిచితివి? మన కాగితములో ఈ మాట లేదు గదా!" అంటిని.

"పెద్దలున్న జాగ గద, సారూ! నాగలెట్ల పెడ్తం? మా నాయిన పోయేటప్పుడు గిదే చెప్పి పోయిండు" అని అతడు నెమ్మదిగా పలికెను.

విద్యార్థులారా! ఎకరమునకు 40 గుంటలు. ఆ తండ్రీకొడుకులు 80 గుంటలకు వెల యిచ్చి 79 గుంటలనే దున్నుకొనిరి. 29 ఏండ్లు ఒక గుంట పంటను మా పెద్దలకు విడిచిరి. బ్రదుకంతయు పిల్లలకు నీతిపాఠములు చెప్పిన నేను, ఆ గట్టుమీద తలవంచుకొని ఒక పాఠము నేర్చుకొంటిని.

చిన్నతమ్ముడు కొబ్బరికాయ తెచ్చి నా చేతిలో నుంచి, "పెద్దోనివి, నువ్వే కొట్టు, అన్నా" అనెను. ఇన్నేండ్లకు వాని నోట ఆ పిలుపు వింటిని.

ఇంటికి వచ్చి, బియ్యమిచ్చువేళ తాతగారి పేరు, నాయనగారి పేరు చెప్పితిని. పిదప ఆ రైతు పేరును చెప్పితిని. తమ్ములిద్దరును నాతోపాటు ఆ పేరు పలికిరి.