టామీ వంకతో...

అబ్బాయి పైచదువుకి వెళుతూ టామీని అప్పగిస్తే "ఇంటి చాకిరీ చాలదనా!" అని విసుక్కున్నాను.

పెళ్లయిన 26 ఏళ్లలో, సాయంత్రం ఊరికే అలా నడిచొస్తానంటే "ఏం పని?" అనేవారే అందరూ. ఇప్పుడు గొలుసు పట్టుకుంటే చాలు, "వెళ్లిరామ్మా, నోరులేని జీవి" అంటారు అత్తయ్యగారు!

మాది విశాఖ. వేసవిలో పొద్దువాలాకే బీచ్ రోడ్డుకి బయల్దేరతాం. ముందు తారురోడ్డుకి చెయ్యి ఆనించి చూస్తాను. నాకు చుర్రుమంటే దాని పాదాలూ కాలతాయి కదా. అది అలల్ని చూసి మొరుగుతుంటే నేను ముంత మసాలా తింటూ కూర్చుంటాను. దానికి మాత్రం పెట్టను. ఉల్లిపాయ కుక్కల రక్తాన్ని పాడుచేస్తుంది.

నిన్న టామీకి ఒంట్లో బాగాలేదు. మందు వేసి పడుకోబెట్టాను. ఆరింటికి చెప్పులేసుకుంటుంటే "ఒక్కదానివే ఎక్కడికి?" అన్నారు మావారు.

"నడవడానికి" అన్నాను.