రెండు కార్లు, రెండు పుస్తకాలు

గత కొన్ని నెలలుగా నా బల్లమీద రెండు పుస్తకాలు పక్కపక్కనే ఉన్నాయి. ఒకటి, లండన్ న్యూరోసర్జన్ సిడ్ వాట్కిన్స్ 1996లో వెలువరించిన ‘లైఫ్ ఎట్ ది లిమిట్’. రెండోది, జెర్రీ బర్టన్ రాసిన జోరా ఆర్కస్-డంటోవ్ జీవితచరిత్ర, 2002 నాటిది. రెంటిలోనూ పేజీ గుర్తులుగా రెండు కార్ల కంపెనీల కరపత్రాలు. కథ, కవిత్వం, అప్పుడప్పుడూ వైద్యచరిత్ర తప్ప మరో ప్రస్తావన తేని నేను కార్ల గురించి రాస్తున్నానంటే పాఠకులు నొసలు చిట్లించవచ్చు. అయితే ఈ కారును ఎంచుకోవడంలో షోరూముల కంటే పుస్తకాలే నాకు ఎక్కువ సాయపడ్డాయి గనుక ఇదీ ఒక పుస్తక పరిచయమే అనుకోండి.

ఎంపిక పోర్షా 911 జీటీ3కీ, షెవ్రొలే కార్వెట్ జడ్06కీ మధ్య. రోజూ ఆసుపత్రికీ, సెలవునాడు రేస్ ట్రాక్ మీదికీ తీసుకెళ్లగలిగిన కార్లుగా రెంటికీ పేరుంది. రెంటికీ టర్బో లేదు; ఇంజను తన ఊపిరి తానే పీల్చుకుంటుంది. ఈ రోజుల్లో అది అరుదు. పోర్షాది 4 లీటర్ల ఆరు సిలిండర్ల ఇంజను, నిమిషానికి 9,000 సార్లు తిరుగుతుంది, శక్తి సుమారు 500 గుర్రాలు. కార్వెట్‌ది 5.5 లీటర్ల వి8, నిమిషానికి 8,600. అమెరికాలో అమ్మే దాని శక్తి 670 గుర్రాలు. పోర్షా వంద కిలోలకు పైగా తేలిక.

అసలు తేడా ఇంజను ఉన్న చోటులో ఉంది. పోర్షాలో అది వెనుక ఇరుసుకు ఆవలగా, తోకలో ఉంటుంది. కార్వెట్‌లో డ్రైవరు వీపుకూ వెనుక ఇరుసుకూ నడుమ. తెనాలి పక్క మా ఊళ్లో ధాన్యం బస్తాలు బండిలో మరీ వెనక్కి పడితే కాడి ఎద్దుల మెడల మీద నుంచి పైకి లేచేది. బండి తోలడం వచ్చినవాడు ఎక్కే ముందు బస్తాలు సర్దేవాడు. పోర్షా ఇంజనీర్లు 1963 నుంచి బస్తాలను వెనకే ఉంచి, తోలడాన్ని సర్దుతూ వస్తున్నారు. ఆ మొండితనం నాకు ఇష్టం.

ముందు వీధి సంగతి. నేనుండే సీఫ్ ఒకప్పుడు సముద్రం. తీరాన్ని పూడ్చి కట్టిన పేట. కొస నుంచి కొసకు యాభై కిలోమీటర్లు మాత్రమే ఉన్న ద్వీపం ఇది. గురువారం సాయంత్రం కింగ్ ఫహద్ వంతెన మీదుగా సౌదీ కార్లన్నీ వచ్చి మా మాల్‌ల ముందు బారులు తీరాయంటే, ఎన్ని వందల గుర్రాలైనా ఒక టయోటా కొరొల్లా వెనుక బుద్ధిగా నిలబడవలసిందే. దారి ఖాళీగా ఉన్న వేళల్లోనూ అంతే అని నా అభిప్రాయం. నేను మత్తు వైద్యుణ్ణి. అర్ధరాత్రి రోడ్డు మీద నుంచి థియేటర్ బల్ల మీదికి వచ్చే దేహాలకు ఊపిరి గొట్టం వేయడం నా పని. గంటకు 100 కిలోమీటర్ల నుంచి 140కి పెరిగితే వేగం పెరిగేది సగంకన్నా తక్కువే. దేహం మీద పడే శక్తి మాత్రం దాదాపు రెట్టింపు. ఈ లెక్క తెలిసినవాడు వీధిలో జీటీ3నీ కొరొల్లాలాగే నడుపుతాడు.

అలా నడిపేటప్పుడు కార్వెట్టే మేలని ఒప్పుకోవాలి. దాని సస్పెన్షన్ గతుకులను మింగేస్తుంది. వేగనిరోధకాల దగ్గర ముక్కు పైకెత్తుకోవడమే కాదు, ఆ చోటును గుర్తు పెట్టుకొని మరుసటిసారి తానే ఎత్తుకుంటుంది. అలాంటి చోట్లు వెయ్యి దాకా దానికి గుర్తుంటాయి. నాకు మందుల మోతాదులు తప్ప అన్నేసి గుర్తుండవు. పోర్షా అయితే రోడ్డు మీది ప్రతి గతుకునూ నడుముకు నివేదిస్తుంది. వెనుక సీట్లు తీసేశారు. కూరగాయల సంచి పక్క సీట్లో కూర్చోవలసిందే.

మా భవనం కింద తెల్లవారుజామున కార్లు కడిగే అబ్బాయిది జగిత్యాల జిల్లా. నా ఫోనులో రెండు బొమ్మలూ చూసి, “ఏదన్న తీస్కోండ్రి సార్, నలుపు మాత్రం వద్దు. ఈడి ఇసుకకు గీతలు పడ్తయ్, ఎంత తుడ్సినా పోవు” అన్నాడు. ఆ కార్ల ధర అతని ఎన్నేళ్ల జీతమో లెక్క వేయడం కష్టం కాదు. వేశాను. ఆ అంకె ఇక్కడ రాయను.

ఇక ట్రాక్. సీఫ్ నుంచి దక్షిణంగా అరగంట ప్రయాణం చేస్తే సఖీర్ ఎడారి. అక్కడి బహ్రెయిన్ ఇంటర్నేషనల్ సర్క్యూట్‌లో 2004 ఏప్రిల్ 4న పశ్చిమాసియాలోకెల్లా మొదటి ఫార్ములా వన్ పందెం జరిగింది. మైకేల్ షూమాకర్ గెలిచాడు. హెర్మన్ టిల్కే గీసిన 5.412 కిలోమీటర్ల చుట్టు, పదిహేను మలుపులు. వీటన్నిటికన్నా నాకు నచ్చిన సంగతి ఒకటుంది. ఆ ట్రాక్‌కు పరిచిన రాయి ఇంగ్లండ్‌లోని ష్రాప్‌షైర్ నుంచి, బేస్టన్ హిల్ క్వారీ నుంచి ఓడలో వచ్చింది. ఈ ద్వీపంలో రాయి కూడా ప్రవాసే! గరుకైన రాయి, పట్టు బాగా ఇస్తుంది, టైర్లను అంత బాగానూ అరగదీస్తుంది.

పందేలు లేని కొన్ని సాయంత్రాలు సర్క్యూట్ వారు సామాన్యులకూ ట్రాక్ తెరుస్తారు. శిరస్త్రాణం పెట్టుకొని సొంత కారుతో వెళ్లవచ్చు. నా పాత సెడాన్‌తో చాలాసార్లు వెళ్లాను. మిత్రుల దయవల్ల ఈ రెండు కార్లలోనూ కొన్ని చుట్లు తిరిగాను. నన్ను ఆకట్టుకున్నది పొడుగాటి సరళరేఖ కాదు, తొమ్మిదీ పదీ మలుపులు. రెండూ కలిసి ఎడమకు తిరుగుతూ, తిరిగేకొద్దీ బిగుసుకుంటాయి. తిరుగుతూనే బ్రేకు తొక్కాలి. బరువంతా కుడికి ఒరిగిపోగా ముందు ఎడమ చక్రం నేలకు నామమాత్రంగా ఆని ఉంటుంది. మహామహా డ్రైవర్లకే అక్కడ ఆ చక్రం బిగుసుకుపోయి పొగలు కక్కుతుంది. మన కార్లకు ఏబీఎస్ ఉంటుంది గనుక పొగ రాదు. కారు తిరగవలసినంత తిరగక బయటికి పోతుంది.

కార్వెట్ ఆ మలుపును ఏమీ పట్టనట్టు తిరిగింది. రెండోసారి ఇంకాస్త వేగంగా, మూడోసారి మరికాస్త. దాని హద్దు నాకు తెలిసిన హద్దులకు చాలా ఆవల ఉందని అర్థమయింది; ఆ హద్దు ఎక్కడో మాత్రం అర్థం కాలేదు. పోర్షా మొదటి చుట్టు నుంచే స్టీరింగు చక్రం గుండా గొణగడం మొదలుపెట్టింది. బ్రేకు మీద కాలు కొంచెం ఎక్కువైతే ముందు చక్రాల పట్టు సడలుతున్నట్టు అరచేతులకు తెలిసింది. మలుపు నడుమ యాక్సిలరేటరు మీది కాలు కొద్దిగా తేల్చితే తోక కదలబోతున్నట్టు నడుముకు తెలిసింది.

మా వృత్తిలో ‘రిజర్వు’ అనే మాట ఒకటుంది. రక్తం పోతున్న పాతికేళ్ల యువకుడి దేహం చాలాసేపు రక్తపోటును నిలబెడుతుంది. మానిటరు మీద అంకెలన్నీ చక్కగా ఉంటాయి. నిల్వ అంతా ఖర్చయిన క్షణాన ఒక్కసారిగా కూలిపోతుంది. వృద్ధుడి దేహం మొదటి లోటాడు రక్తానికే మొర పెట్టుకుంటుంది. కొత్తగా వచ్చిన వైద్యులు వృద్ధుడిని చూసి భయపడతారు. ఇరవై ఏళ్లు థియేటర్లో నిలబడ్డవాడు ఆ కుర్రవాణ్ణి చూసి భయపడతాడు. రెండు కార్లలోనూ అపాయాన్ని కాచే ఎలక్ట్రానిక్ సాయాలు బోలెడున్నాయి. అయినా యాభై నాలుగేళ్ల వయసులో నాకు కావలసింది ఎక్కువ నిల్వ ఉన్న కారు కాదు, ముందుగా గొణిగే కారు.

మా ఆవిడ ప్రశ్న వేరు. “అందరికీ మీరు మత్తిస్తారు. అక్కడ మీకేమైనా అయితే మీకు మత్తిచ్చేదెవరండీ?”

వాట్కిన్స్ పుస్తకం చేతికి తీసుకున్నది ఆ ప్రశ్నకు జవాబు కోసమే. ఆయన 1978లో బెర్నీ ఎకిల్‌స్టోన్ పిలుపు మీద ఫార్ములా వన్ వైద్యుడిగా చేరాడు. ఆ సెప్టెంబరు 10న మోంజాలో పందెం మొదలవుతూనే రానీ పీటర్సన్ కారు గోడకు గుద్దుకొని మండింది. తోటి డ్రైవర్లు అతణ్ణి బయటికి లాగారు. కాళ్లు విరిగాయి, స్పృహ ఉంది. జనాన్ని ఆపడానికి నిలబడ్డ పోలీసుల వలయం వైద్యుణ్ణి కూడా ఆపేసింది. అంబులెన్సు ఆలస్యమైంది. మర్నాటి ఉదయం పీటర్సన్ మరణించాడు. విరిగిన పొడవాటి ఎముకల్లోని కొవ్వు రక్తంలో కలిసి ఊపిరితిత్తులకూ మెదడుకూ చేరింది. ఆపై వాట్కిన్స్ నాలుగు కోరాడు: మెరుగైన రక్షణ సామగ్రి, ఒక మత్తు వైద్యుడు, వైద్యుడికో కారు, ఒక హెలికాప్టరు. మొదటి చుట్టులో వైద్యుడి కారు పందెం కార్ల వెనకే వెళ్లాలన్న పద్ధతీ అప్పుడే మొదలైంది. ఆ జాబితాలో మత్తు వైద్యుడు ఉన్న వాక్యం కింద నేను పెన్సిలుతో గీత గీశాను, గర్వమే, దాచను.

ఈ పుస్తకాన్ని వైద్యులు కానివారూ చదవవచ్చు. వాట్కిన్స్‌ది తడి లేనట్టు కనిపించే శైలి. 1994 మే 1న ఇమోలాలో సెన్నా మరణించడానికి ముందురోజు, రాట్జెన్‌బర్గర్ చనిపోయిన మధ్యాహ్నం, ‘ఇక మానేద్దాం, ఇద్దరం చేపలు పట్టుకుందాం’ అన్న ధోరణిలో ఆయన సెన్నాతో మాట్లాడిన ఘట్టం దగ్గర కూడా ఆ శైలి చెదరదు. అందుకే అది అంత బరువుగా ఉంటుంది.

పుస్తకంలో లేని చివరి అధ్యాయాన్ని మేమిద్దరం కళ్లారా చూశాం. 2020లో కోవిడ్ మూలంగా సఖీర్ పందేనికి వైద్యసిబ్బందినీ, అత్యవసర సేవల వారినీ, వారి కుటుంబాలనూ మాత్రమే ప్రేక్షకులుగా రానిచ్చారు. నవంబరు 29 రాత్రి మొదటి చుట్టులోనే, మూడో మలుపు దాటాక రొమాఁ గ్రోజాన్ కారు గంటకు 192 కిలోమీటర్ల వేగంతో ఇనుప కంచెను చీల్చుకుపోయి రెండు ముక్కలైంది. మేం చూసింది మంటను మాత్రమే. మా ఆవిడ నా మోచేయి పట్టుకొంది. తరువాత చూస్తే గోళ్ల గుర్తులున్నాయి. గ్రోజాన్ ఆ మంటలో 27 సెకన్లు ఉండి, తనంతట తానే బయటికొచ్చాడు. తల మీది హేలో చట్రం ప్రాణం కాపాడింది, చేతులు కాలాయి. కంచె దగ్గర అతణ్ణి అందుకున్నది డాక్టర్ ఇయాన్ రాబర్ట్స్. మొదటి చుట్టు గనుక, నలభై రెండేళ్ల కిందటి ఆ పద్ధతి ప్రకారం ఆయన కారు వెనకే వస్తోంది.

జవాబు దొరికిందన్నాను మా ఆవిడతో. సామాన్యుల సాయంత్రాలకు ఆ హంగంతా ఉండదు కదా అంది. నిజమే. అయినా వెడల్పాటి ఖాళీ స్థలం, జెండాలు పట్టుకొన్న మనుషులు, ఎదురురాని రోడ్డు ఉంటాయి. సీఫ్ రహదారి మీద వీటిలో ఒక్కటీ లేదు.

కార్వెట్ వైపు నన్ను చివరిదాకా లాగింది మాత్రం డంటోవ్ కథ. బ్రస్సెల్స్‌లో పుట్టి, రష్యాలో పెరిగి, బెర్లిన్‌లో చదివిన యూదు ఇంజనీరు. కన్నతండ్రి ఆర్కస్, తల్లి తరువాత తోడు తెచ్చుకున్న మనిషి డంటోవ్. అన్నదమ్ములు రెండు ఇంటిపేర్లూ మోశారు. 1940లో నాజీ సేనలు వస్తుంటే భార్య ఎల్ఫీ చిన్న ఎంజీ కారులో పారిస్ నుంచి బోర్డోకు తప్పించుకొచ్చింది. న్యూయార్క్ చేరి, 1953లో జనరల్ మోటార్స్‌లో ఉద్యోగానికి కుదిరి, అప్పుడే పుట్టిన కార్వెట్‌ను నిజమైన స్పోర్ట్స్ కారుగా మలచినవాడు అతడే. ఇంజను డ్రైవరు వెనుక ఉండాలన్నది అతని జీవితకాలపు పట్టు. 1960లోనే అలాంటి ప్రయోగపు కారు చేసి చూపాడు. కంపెనీ ఒప్పుకోలేదు. 1975లో విరమించాడు, 1996లో పోయాడు. ఇంజను వెనుక ఉన్న కార్వెట్ 2019లో వచ్చింది. బర్టన్ పుస్తకం ఆ ముగింపు తెలియకుండానే ముగుస్తుంది. పరాయి దేశపు సంస్థలో ఎన్నేళ్లు పనిచేసినా కొన్ని మాటలు చెల్లవని తెలిసిన మాబోటివాళ్లకు ఆ పేజీలు దగ్గరగా తగులుతాయి.

అదే పుస్తకంలో ఇంకో సంగతి ఉంది. 1954లోనూ 1955లోనూ లె మాన్స్ 24 గంటల పందెంలో డంటోవ్ తన తరగతిలో గెలిచాడు. నడిపింది పోర్షా 550! జీతం షెవ్రొలేది, గెలుపు పోర్షాది. ఆ పేజీ దగ్గర నాకు బెంగ తీరింది.

పోర్షానే తీసుకొంటున్నాను, చేత్తో మార్చే ఆరు గేర్లతో. జడ్06లో ఆ వీలు లేదు. గేర్లు చేత్తో మారిస్తే చుట్టుకు కొన్ని క్షణాలు పోతాయి. పోనీ, పందెం వేసేదెవరితో? వీధిలో కార్వెట్ మేలన్న వాదానికి మా ఇంట్లో జవాబు ముందే ఉంది: ఆ సిగ్నల్ దగ్గరి కొరొల్లాల్లో ఒకటి మాదే. నా ఒప్పందం ఇంకా రెండేళ్లు. ఆ తరువాత కారు మాతో రాదు. ఇండియాకు దిగుమతి చేసుకునే కారుకు స్టీరింగు కుడివైపు ఉండాలి, ఇక్కడివన్నీ ఎడమవైపువే. పుస్తకాలు మాత్రం వస్తాయి.

ఆర్డరు కాగితంలో రంగు గడి ఒక్కటే ఖాళీగా ఉంది. జగిత్యాల అబ్బాయి లేతబూడిద అంటున్నాడు, దుమ్ము కానరాదట. మా ఆవిడ ఎరుపు అంటోంది. స్టాండులో కూర్చుంటే నేను ఎక్కడున్నానో తనకు కనబడుతూ ఉండాలట.