సార్ గారి పసంద్

2020 సెప్టెంబరు 25. జుమ్మా రోజు. కరోనా కాలం కదా, మసీదులో మనిషికీ మనిషికీ మధ్య ఎడం. నమాజ్ చదివి బయటికొచ్చి ఫోన్ చూసుకుంటే అప్పటికే ఇరవై మెసేజ్‌లు. బాలు గారు ఇక లేరు. మధ్యాహ్నం ఒంటిగంటా నాలుగు నిమిషాలకు చెన్నై ఆస్పత్రిలో కన్నుమూశారు. మసీదు మెట్లమీదే కూలబడ్డాను.

దుఃఖపడే ఫుర్సత్ జర్నలిస్టుకి ఎక్కడిది? పది నిమిషాల్లో ఆఫీసు నుంచి ఫోన్. "రేపు మన జిల్లా పేజీ మొత్తం బాలుదే. లీడర్లందరి దగ్గరా 'నాకు నచ్చిన బాలు పాట' అని తలా నాలుగు ముక్కలు తీసుకో. సాయంత్రం ఆరింటికల్లా పంపించు."

ఆయన పుట్టిన కోనేటమ్మపేట ఇవాళ తమిళనాడులో ఉంది. అయినా నెల్లూరోళ్లకు బాలు నెల్లూరోడే. తిప్పరాజువారి వీధిలో ఉన్న ఇంటిని అదే ఏడాది ఫిబ్రవరిలో వేద పాఠశాల కోసం కంచి పీఠానికి ఇచ్చేసి వెళ్లారు. అలాంటి మనిషి పాట నచ్చలేదని ఈ ఊళ్లో ఏ లీడర్ అంటాడు?

పదకొండు మందికి ఫోన్ చేశాను. ఏడుగురు 'శంకరాభరణం' అన్నారు. అందులో ఏ పాట సార్ అనడిగితే ఐదుగురు "అన్నీ" అన్నారు. ఒకాయన ఘంటసాల పాట చెప్పాడు. నేను దిద్దలేదు, వేరే పాట రాసుకున్నాను. పదకొండో ఆయనకి చేస్తే పీయే ఎత్తాడు. "సార్ మీటింగ్‌లో ఉండారు భాయ్. నువ్వు రాయలేనిదేముంది, మంచిదేదో ఒకటి రాసెయ్. సార్‌కి నేను చెప్తాలే."

గడియారం ఐదున్నర. రాసేశాను. మంచిదేదో ఒకటి అన్నాడు కదా, నా దగ్గరున్న వాటిలో అన్నిటికన్నా మంచిది రాశాను. అదే నేను చేసిన గల్తీ.

ఆ సంగతి ఇది. 1990లో నాకు పదేళ్లు. మా అబ్బా కోటమిట్టలో దర్జీ. ఐదు పూటలా నమాజీ. పాటలంటే ఇంట్లో మాటే లేదు. ఒక సాయంత్రం నన్ను సైకిల్ మీద ముందు కూర్చోబెట్టుకుని ట్రంకు రోడ్డు మీద వెళ్తున్నాడు. క్యాసెట్ల షాపు ముందు స్పీకర్‌లో 'మైనే ప్యార్ కియా' పాట. అబ్బా సైకిల్ ఆపాడు. ఒక కాలు నేలమీద, ఒక కాలు పెడల్ మీద. పాట అయిపోయేదాకా కదల్లేదు. తర్వాత షాపతన్ని అడిగాడు, "యే కౌన్ గా రా?" అతను నవ్వి, "మన నెల్లూరోడే సాయిబూ, బాలు" అన్నాడు. అబ్బా కాసేపు నమ్మలేదు. "హమారే నెల్లూర్ కా? తలఫ్ఫుజ్ దేఖో, కిత్నా సాఫ్ హై" అన్నాడు. మన ఊరి తెలుగు మనిషి మన జుబాన్‌ని అంత శుభ్రంగా పలుకుతున్నాడే అన్న ఆశ్చర్యం ఆ ముఖంలో ఇప్పటికీ నాకు కనిపిస్తుంది. ఇంటికెళ్లాక అమ్మీకి చెప్పొద్దన్నాడు.

ఈ సంగతిలోంచి ఉర్దూ తీసేసి, సాయిబుని తీసేసి, "మా నాయన సైకిల్ ఆపి బాలు పాట పూర్తిగా విన్నాడు, నేను ముందు కూర్చుని ఉన్నాను" అని సార్ పేరుతో పంపించాను. మర్నాడు పేజీలో అన్నిటికన్నా బాగుందని డెస్క్ మెచ్చుకుంది. అబ్బా ఇంతకాలానికి పేపర్‌లోకి ఎక్కాడు, ఇంకొకరి నాయనగా.

సార్‌కి అది బాగా నచ్చింది. మరుసటి ఏడాది వర్ధంతి సభలో ఆ సైకిల్ కథ చెప్పాడు. ఆపై ఏడాదీ చెప్పాడు. జనం చప్పట్లు. నేను కిందికి చూస్తూ నోట్ చేసుకుంటున్నాను. కడుపులో మంట. దిఖావా, పచ్చి దిఖావా అనుకున్నాను. మన దీన్‌లో దాన్ని రియా అంటారు. చూసేవాళ్ల కోసం చేసే ఇబాదత్. దానికి సవాబ్ లేదని చిన్నప్పుడు మదర్సాలో నేర్పారు.

ఈ బీమారీ మన లీడర్లదే కాదు. బ్రిటన్‌లో గోర్డన్ బ్రౌన్ ఆర్థికమంత్రిగా ఉన్నప్పుడు, 2006లో, ఒక పత్రికతో మాట్లాడుతూ ఆర్కిటిక్ మంకీస్ అనే కుర్రాళ్ల బ్యాండ్ సంగతి ఎత్తాడు. పొద్దున్నే నిద్ర వదిలించే పాటలని అర్థం వచ్చేలా అన్నాడు. అంతే, ఈ పెద్దమనిషికి అందులో ఒక్క పాటైనా తెలుసా అని దేశమంతా నవ్వింది. చివరికి ఆ ఏడాది పార్టీ మహాసభలో ఆయనే, నాకు ఆ మంకీస్ కన్నా ఆర్కిటిక్ ప్రాంతం గురించే ఎక్కువ ఫికర్ అని జోక్ చేసి బయటపడాల్సి వచ్చింది.

డేవిడ్ కామెరాన్ కథ ఇంకో రకం. అదే 2006లో రేడియోలో తనకిష్టమైన పాటల్లో స్మిత్స్ బ్యాండ్ పాట ఒకటి చెప్పాడు. ప్రధాని అయ్యాక, 2010 డిసెంబరులో, ఆ బ్యాండ్ గిటారిస్టు జానీ మార్ ట్విట్టర్‌లో, మా పాటలు నీకు నచ్చడానికి వీల్లేదు, మానెయ్ అన్నాడు. కామెరాన్ అబద్ధమాడాడని నాకైతే అనిపించదు. పాట నచ్చాలంటే పాడినోడి పార్టీలో చేరాలా ఏంటి? కానీ పెద్ద కుర్చీలో కూర్చున్న మనిషి "నాకిది ఇష్టం" అంటే, దాన్ని ఎవ్వరూ ఉత్త ఇష్టంగా వినరు. వోటు కోసమా, కుర్రకారు కోసమా అనే వింటారు.

మన 'నాటు నాటు'నే చూడండి. 2023 జనవరిలో గోల్డెన్ గ్లోబ్ రాగానే అప్పటి ముఖ్యమంత్రి జగన్ తెలుగు జెండా ఎగురుతోందని ట్వీట్ చేశారు. సింగర్ అద్నాన్ సామీ వెంటనే, తెలుగు జెండా ఏంటి, భారత జెండా అనాలి కదా అని తగులుకున్నాడు. రెండ్రోజులు దాని మీదే బహస్. కీరవాణి ట్యూన్ ఏమైంది, చంద్రబోస్ మాట ఏమైంది, ఇద్దరు గాయకుల గొంతు ఏమైంది? ఆ గొడవలో జెండా మిగిలింది, పాట తప్పిపోయింది. లీడర్లు పాటని మెచ్చుకున్నప్పుడు చాలాసార్లు ఇదే జరుగుతుంది. అబద్ధమని కాదు. ఆ మాట పాట గురించి కాదు, అంతే.

మరి ఖులూస్ ఎలా ఉంటుంది? బాలు గారే రఫీ సాబ్ గురించి చెప్పేవారు. ఇంజనీరింగ్ చదివే రోజుల్లో పొద్దున్నే సైకిల్ మీద కాలేజీకి వెళ్తుంటే రఫీ పాట చెవిన పడి కళ్లల్లో నీళ్లొచ్చేవని. నాలుగు భాషల్లో జాతీయ అవార్డులు తెచ్చుకున్న మనిషి, ఇంకో గాయకుడి పేరెత్తితే కుర్రాడైపోయేవాడు. ఆ మాటలో ఒక పూట ఉంది, ఒక దారి ఉంది, ఒక సైకిల్ ఉంది. "అన్ని పాటలూ ఇష్టమే" అనేవాడి దగ్గర అవి ఉండవు. ఇదే నా కసౌటీ అనుకునేవాణ్ణి, చాలాకాలం.

కానీ సార్ గారి దగ్గర కూడా ఇప్పుడు ఒక సాయంత్రం ఉంది, ఒక రోడ్డు ఉంది, ఒక సైకిల్ ఉంది. నేనే ఇచ్చాను. నా కసౌటీ నా చేతుల్లోనే పగిలింది.

అప్పుడు నా సంగతి గుర్తొచ్చింది. పదో తరగతి దాకా ఉర్దూ మీడియం, డిగ్రీలో తెలుగు తీసుకున్నాను. మొదటి వారం లెక్చరర్ గారు ఒక్కొక్కరినీ లేపి నచ్చిన గాయకుడెవరని అడిగారు. నాకు ఆ రోజుల్లో నిజంగా నచ్చింది 'గ్యాంగ్ లీడర్'లో బప్పీ లహరి బీట్లు. తెలుగు క్లాసులో అది చెప్తే ఇజ్జత్ ఏమవుతుంది? రఫీ అంటే, వీడు సాయిబు కాబట్టి రఫీ అన్నాడంటారు. అందుకని లేచి "ఘంటసాల సార్" అన్నాను. "ఘంటసాల పాడిన వాటిలో?" "పుష్పవిలాపం." "మొదటి పద్యం చెప్పు." నోరు పెగల్లేదు. పేరు మాత్రమే విన్నాను మరి. క్లాసంతా గొల్లుమంది. వెనక బెంచీ నుంచి ఒకడు "సాయిబుకి ఘంటసాల ఏందబ్బా" అన్నాడు. ఆ నవ్వు చెవుల్లోంచి పోవడానికి ఏళ్లు పట్టింది. గోర్డన్ బ్రౌన్ మీద దేశం నవ్విందని చదివినప్పుడు నాకు నవ్వు రాలేదంటే అందుకే.

ఆ సాయంత్రమే ఒక దోస్త్ దగ్గర క్యాసెట్ అడిగి తెచ్చుకున్నాను. కసితో విన్నాను, బట్టీ పట్టడానికి. మొదట పద్యం సగం అర్థం కాలేదు. పదో సారో పదకొండో సారో, పువ్వు తరఫున కరుణశ్రీ గారు పడిన బాధ ఆ గొంతులోంచి నా గుండెలోకి దిగింది. నేను పెరిగిన గజల్‌లోనూ ఇదే దర్ద్ కదా, ఇన్నాళ్లూ దీన్ని పక్కింటిది అనుకున్నానే అనిపించింది. ఇవాళ ఘంటసాల నాకు ప్రాణం. అల్లా సాక్షిగా నిజం. కానీ మొదలైంది మాత్రం ఝూట్‌తో.

అబ్బాది దీనికి ఉల్టా. పాట నచ్చనట్టు జిందగీ అంతా ఉన్నాడు. మిషన్ తొక్కుతూ ఏదో కూనిరాగం తీసేవాడు, మేం దగ్గరికొస్తే దగ్గేవాడు. లేని ఇష్టం చూపించేది రియా అయితే, ఉన్న ఇష్టం దాచుకునేదాన్ని ఏమనాలి? మౌల్వీ సాబ్ ముందు నాత్ అనీ, ప్రెస్ క్లబ్‌లో ఇళయరాజా అనీ, చోటుకో పసంద్ చెప్పుకునే నేను ఎవరిని తూచగలను?

2023 వర్ధంతి సభ అయ్యాక చీకటిపడింది. కార్ల దగ్గర సార్ డ్రైవర్ కలిశాడు. మావాడే, చిన్నప్పుడు మా వీధిలో గోలీలాడిన పోరడు. నవ్వుతూ అడిగాను, "సార్ కార్లో ఏం వింటాడ్రా? టీవీ డిబేట్లేనా?" వాడన్నాడు, "ముందు అవే అన్నా. ఇప్పుడు రాత్రి హైవే ఎక్కితే ఆ హిందీ పాటే పెట్టమంటాడు. ఆ సైకిల్ పాట. ఒక్కమాట మాట్లాడడు."

అంతలో సార్ వచ్చాడు. నన్ను పక్కకి పిలిచాడు. జేబులోంచి చేతిరుమాలు తీసి మెడ తుడుచుకుని, మెల్లగా అన్నాడు.

"భాయ్, ఆ పొద్దు రాసింది నువ్వే గదా?"

"నేనే సార్."

"మా నాయనకి సైకిల్ లేదబ్బా. కూలికి పొయ్యేవాడు. పాట గీట ఏమెరుగు ఆయన? నీ రాత చదివినప్పుడు, సైకిల్ ఉండుంటే ఆయనా ఆపేవాడేమో అనిపించింది. చెప్పగా చెప్పగా నిజంగానే ఆపినట్టుంది ఇప్పుడు."

ఏం చెప్పాలో తోచలేదు. నా కోపం ఎక్కడికి పోయిందో తెలీదు. కాసేపటికి, "ఆ సైకిల్ మా అబ్బాది సార్" అన్నాను.

సార్ నా భుజం మీద చెయ్యేశాడు. "మీ నాయన ఉండారా?"

"లేరు సార్. పన్నెండేళ్లయింది."

ఇంకేమీ అనలేదు. కారెక్కి వెళ్లిపోయాడు.

మరుసటి ఏడాది సభకి కూడా వెళ్లాను, డ్యూటీ కదా. సార్ మైక్ అందుకున్నాడు. సైకిల్ కథ మొదలుపెట్టాడు. నేను పెన్ను పట్టుకుని ఆగాను. "మన నెల్లూర్లో ఒక సాయిబు ఉండేవాడు. దర్జీ. కొడుకుని సైకిల్ మీద కూర్చోబెట్టుకుని ట్రంకు రోడ్డు మీద పోతా ఉన్నాడు..."

రాజకీయమా? అయ్యుండొచ్చు. కోటమిట్ట వోట్లు తక్కువేం కాదు, అది నాకూ తెలుసు. నియ్యత్ సంగతి పైవాడికే ఎరుక. నేను మాత్రం ఆ పూట మొదటిసారి తలెత్తి విన్నాను. అబ్బా ఒక కాలు నేలమీద పెట్టి, పాట అయిపోయేదాకా నిలబడ్డాడు.