రాని అంతస్తు

ఒక పైకప్పు గురించి ఇన్ని మాటలు రాయవలసి వస్తుందని నేనెన్నడూ అనుకోలేదు. చదివిన పుస్తకమో, విన్న పాటో అయితే వేరు. కానీ 2024 వేసవి అంతా నా మనసులో స్లాబు తప్ప వేరొకటి లేదు. ఆ సంగతులు మరచిపోకముందే రాసిపెట్టాలని ఈ ప్రయత్నం.

మా ఊరు కొడిమ్యాల. అప్పట్లో కరీంనగర్ జిల్లా, 2016 నుండి జగిత్యాల జిల్లా. అక్కడ మాకు మూడు మడిగెలున్నాయి. (కోస్తా మిత్రులు దుకాణం గదులు అని చదువుకోగలరు.) వాటిని 1986లో కట్టారు. స్థలం బాపుది, సొమ్ము దుబాయి నుండి చిన్నబాపు పంపినది. ఆ రోజుల్లో జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల వైపు గూనపెంకుల ఇళ్ళ నడుమ ఎక్కడైనా ఒక స్లాబు లేచిందంటే, ఆ ఇంటి మనిషి గల్ఫులో ఉన్నాడని ఎవరూ చెప్పనక్కరలేదు.

సిమెంటు మీద ప్రభుత్వ నియంత్రణ 1982లో కొంత, 1989లో పూర్తిగా తొలగింది. మా స్లాబు ఆ రెండు సంవత్సరాల నడుమ పడింది. బియ్యం బస్తాలకంటె సిమెంటు బస్తాలనే బాపు భద్రంగా దాచాడని అవ్వ ఇప్పటికీ అంటుంది. మాలు చేతులతోనే కలిపారు. తట్టలు చేయి మారి చేయి పైకి వెళ్ళాయి. త్వరగా పరుచుకోవాలని నీళ్ళు ధారాళంగా పోశారు. సాయంత్రం యాటను కోసి అందరికీ దావతు ఇచ్చారు. నాకప్పుడు ఏడేళ్ళు, నాకు గుర్తున్నది ఆ దావతు మాత్రమే.

ఆ స్లాబుకు వాటం లేదు. వాననీరు జారిపోవటానికి ఇచ్చే ఏటవాలును సుతారులు వాటం అంటారు. పేరుకు చదునైన కప్పే అయినా పది అడుగులకు కనీసం ఒక అంగుళమైనా దిగాలి. మా కప్పుకు అది లేకపోవటం సుతారి అజ్ఞానం కాదు. "వచ్చే యేడు మీద ఇల్లు కడ్తం గద, వాటమెందుకు?" అని చిన్నబాపే ఉత్తరం రాశాడట. ముందువైపు నాలుగు పిల్లర్ల సలాకలను మూడడుగుల మేర పైకి వదిలేయటం కూడా అందుకే. మేము కట్టినది పైకప్పు కాదు, రాబోయే అంతస్తుకు నేల. ఆ అంతస్తు రాలేదు. చిన్నబాపు 1994లో నడుము నొప్పితో తిరిగి వచ్చాడు, 2003లో పోయాడు. సలాకలు మాత్రం తుప్పు పట్టి అలాగే నిలుచున్నాయి. ఎవరో వాటికి కేబుల్ టీవీ తీగ కూడా కట్టుకున్నారు. ఆ దారిన వెళుతూ తలెత్తి చూస్తే ఇప్పటికీ ప్రతి ఊరిలో ఇటువంటి సలాకలు కనిపిస్తాయి.

ఇక్కడ కొంచెం రసాయనశాస్త్రం అవసరం. విసుగనిపించేవారు ఒక పేరా దాటి చదవవచ్చు. కాంక్రీటులో ఇనుము క్షేమంగా ఉండటానికి కారణం సిమెంటులోని క్షారగుణం. గాలిలోని బొగ్గుపులుసు వాయువు ఏళ్ళ తరబడి లోనికి ఇంకుతూ ఆ క్షారాన్ని హరిస్తుంది. నీళ్ళెక్కువ పోసి కలిపిన కాంక్రీటులో సూక్ష్మరంధ్రాలెక్కువ. కనుక అది సలాకను త్వరగా చేరుకుంటుంది. ఆపైన తేమ తగిలితే తుప్పు. తుప్పుకు అసలు ఇనుముకంటె రెండింతలకు పైగా చోటు కావాలి. ఆ చోటు కోసం అది కింది కాంక్రీటును నెట్టివేస్తుంది. పెచ్చులూడటమంటే ఇదే.

మేమేమి చేశాము? కురిసినప్పుడల్లా పైన ఒక పూత పూశాము. మొదట సిమెంటు, తరువాత తారు అట్ట, దాని మీద ఇటుక ముక్కల సున్నం, మళ్ళీ సిమెంటు, చివరకు డబ్బాలలో వచ్చే తెల్లని రసాయనం. పూతల మందం మూడు అంగుళాలు దాటింది. కప్పు పొడవు 33 అడుగులు, వెడల్పు 20. లెక్క కట్టి చూస్తే దాదాపు పది టన్నులు! నీరసించిన కప్పు మీద మూడు ట్రాక్టర్ల ఇసుకంత బరువును మేమే, మా ఖర్చుతో, మోపాము. నీళ్ళు పోయే గొట్టాల మూతులు ఆ పూతలలో సగం పూడుకుపోయాయి. ఇటువంటి అవస్థ మాకే కాదు. ఫ్రాన్సులో లె కొర్బూజియే 1931లో పూర్తిచేసిన విల్లా సవోయ్ చదును కప్పు కట్టడాలలో జగద్విఖ్యాతమైనది. అది కురుస్తున్నదని ఆ ఇంటి యజమానురాలు ఆయనకు ఉత్తరాల మీద ఉత్తరాలు రాసింది. ఇది చదివినప్పుడు నాకు కలిగిన ఊరట అంతా ఇంతా కాదు.

అసలు చెప్పవలసినది ఇప్పుడు చెబుతాను. మధ్య మడిగెలో 1991 నుండి ఒక టైలరు ఉన్నాడు. ఊరి వరుసన నాకు మామ. 2022 జులైలో కడెం ప్రాజెక్టు నిలుస్తుందా అని అందరూ భయపడిన వానల తరువాత, నెలన్నరకు నేను ఊరికి వెళ్ళాను. చొక్కా బిగించటానికి ఇవ్వబోతే, అతని కుట్టుమిషను పైన గొడుగులా కట్టిన టార్పాలిన్ కనిపించింది.

"ఇదేంది మామా?"

"దుమ్ము వడ్తాంది బిడ్డా."

దుమ్ము కాదు. బల్లకింద సంచిలో ఆరు పెచ్చులున్నాయి. ఒకటి నా అరచేతికంటె పెద్దది. బయట పారవేస్తే నలుగురి కంట పడుతుందని దాచిపెట్టాడు. "చెప్తే ఖాళీ చెయ్యుమంటరని చెప్పలే. ఈ వయసుల నేనేడికి వోవాలె?" అన్నాడు. ఆ కప్పు మీది మరక నేను 2019లోనే చూశాను. ఖర్చుకు జడిసి చూడనట్టు ఉన్నాను. అతడూ దాచాడు, నేనూ దాచాను. అయితే పెచ్చు పడేది అతని మీద.

అప్పటికైనా కదిలానా? లేదు. ఇంకో సంవత్సరం గడిపాను. 2023 జులై చివరలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజున 64 సెంటీమీటర్లకు పైగా కురిసింది. మా ఊళ్ళో అంత లేదు. అయినా ఆ తెల్లవారుజామున హైదరాబాదు నుండి మామకు ఫోను చేసి, షట్టరు తెరవవద్దని చెప్పాను. ఫోను పెట్టేశాక నామీద నాకే రోత పుట్టింది.

జగిత్యాల నుండి ఇంజనీరు వచ్చి, సుత్తితో కప్పంతా తట్టి చూశాడు. సగం చోట్ల డొల్ల శబ్దం. ఊడిన చోట ఫినాఫ్తలీన్ చల్లాడు. క్షారం మిగిలి ఉంటే అది గులాబిరంగుకు తిరగాలి. సలాక దాకా ఎక్కడా తిరగలేదు. గోడలు రాతివి, వాటికి భయం లేదు, కప్పు మాత్రం తీసివేయవలసిందే అన్నాడు. బాపు ఒప్పుకోలేదు. రేకులు వేద్దామన్నా కోపమే, పగులగొడదామన్నా కోపమే. "మా తమ్ముని పైసలురా అవి" అన్నాడు. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. ఆ సంచిని తెచ్చి ఆయన ముందు పెట్టాను. చాలాసేపు పెచ్చులను తిప్పి తిప్పి చూసి, "ఎప్పుడు మొదలువెడ్తవు?" అని అడిగాడు.

2024 ఏప్రిల్‌లో కింద ఆనికలు పెట్టి పగులగొట్టడం మొదలైంది. గొట్టాల దగ్గర మూడు సూతుల సలాక పెన్సిలు ముల్లంత మిగిలింది, చేతితో విరిగింది. కానీ మూడో మడిగె నడిమి భాగం బ్రేకరు మిషనుకు కూడా లొంగలేదు. "ఇదైతే ఇంకో ఇరువై యేండ్లు ఉండు" అన్నాడు సుతారి, మెచ్చుకోలుగా. అతడు ఆ మాట అనకుండా ఉంటే బాగుండేది. బాపు రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

కొత్త స్లాబు మీద సలాకలు వదలాలా వద్దా అన్నది చివరి తగాదా. మనుమల కోసం వదలాలని బాపు, వద్దని నేను. "ఇడిస్తే ఇడువుండ్రి. వాటం ఇయ్యకపోతె మాత్రం నేను మాలు కలుప" అని సుతారి తేల్చేశాడు. అడుగు ఎత్తున కోసి, పలుచని కాంక్రీటు దిమ్మెలలో కప్పి ఉంచాము. వాటం వెనుకవైపుకు ఇచ్చాము. స్లాబు పోసిన మరునాటి నుండి పద్నాలుగు రోజులు బాపు, ఎవరు వద్దన్నా వినక, డెబ్బై ఎనిమిదేళ్ళ వయసులో నిచ్చెన ఎక్కాడు. కప్పు మీద మట్టితో వరిమడులు కట్టినట్టు ఒడ్లు కట్టించి, నీళ్ళు ఇంకకుండా కాచాడు.

ఆ మూడు నెలలూ మామ వీధి చివర ఒక రేకుల కొట్టంలో కుట్టాడు. గిరాకీ సగమైంది. అతడు తిరిగి మడిగెలోకి వచ్చేసరికి మృగశిర దాటింది. మొదటి పెద్దవాన కురిసిన రోజున ఫోను చేశాడు. కప్పు సంగతి ఎత్తలేదు. "ఆ టార్పాలిన్ నీకేమన్న అక్కెరున్నదా బిడ్డా?" అని అడిగాడు.

ఖర్చు నాలుగు లక్షలు దాటింది. మిగిలిన రెండు మడిగెలకు కిరాయి పెంచాము. మామ పాత కిరాయే పంపుతున్నాడు. కొత్తది ఎంతో అతడు అడగలేదు, నేను చెప్పలేదు.