లారీ కాయిలు

మొన్న మా చిన్నవాడు అమెరికా నుంచి ఫోను చేసి, "నాన్నా, నా కార్వెట్‌కి ట్రక్కు కాయిళ్లు వేశాను" అన్నాడు. ఎనిమిది సిలిండర్లకు ఎనిమిది కాయిళ్లట! అక్కడి చిన్న ట్రక్కులు చాలావరకు పెట్రోలువే కనుక, వాటి ఇగ్నిషన్ కాయిళ్లు పందెపు కారుకూ పనికివస్తాయట. నిప్పురవ్వ గట్టిగా పడుతుందని వాడి మురిపెం. "శుభం" అన్నాను గాని, నా మనస్సు నలభై యేళ్లు వెనక్కి, పుంగనూరు అవతలి చింతచెట్టు కిందికి పోయింది.

1984లో మదనపల్లెలో మాకో అంబాసిడర్ వుండేది. 1489 సీసీ ఇంజను. దాన్ని పందెపు కారు అనడానికి నాకు తప్ప యెవరికీ నోరు రాదు. ఒకనాడు పాతసామాన్ల అంగట్లో ఏనాటి పెట్రోలు లారీదో కాయిలొకటి కంటబడింది. అప్పటికే మన లారీలు దాదాపు అన్నీ డీజిలువి. వాటిలో ఈ కాయిలే వుండదు. ఇది దొరకడం నా అదృష్టమే అనుకున్నాను. మెకానిక్ సాయబు దాన్ని అటూ ఇటూ తిప్పి, "వద్దు సార్" అన్నాడు. నేను వినలేదు. చేసేది లేక బిగించి, "పాతదాన్ని మాత్రం పారేయొద్దు" అన్నాడు. నేను నవ్వాను. మా ఆవిడ నవ్వలేదు. దాన్ని పాత తువ్వాలులో చుట్టి డిక్కీలో పెట్టింది.

ఆ ఆదివారమే కుప్పానికి బయలుదేరాం. అక్కయ్య ఇంట్లో అమ్మ జ్వరపడి లేచింది, నన్ను చూడాలంటున్నదని జాబు వచ్చింది. మధ్యాహ్నం భోజనానికల్లా వస్తామని కబురంపాను. పుంగనూరు దాకా బండి గాలిలో తేలిపోయింది. "చూశావా?" అన్నాను. ఆవిడ పలకలేదు. పలమనేరు దారి పట్టామో లేదో ఇంజను దగ్గింది, తుమ్మింది, ఆగింది. బానెట్ యెత్తి కాయిలు మీద చెయ్యి పెడితే చురుక్కుమంది!

సంగతేమిటంటే, కాయిలు బాటరీ 12 వోల్టులను సుమారు 20,000 దాకా పెంచుతుంది. మా బండి కాయిలు నిరోధం దాదాపు 3 ఓములు. అందులో 4 ఆంపియర్లు పారతాయి. లారీది ఒకటిన్నర ఓములు. దానికి ముందు బాలస్ట్ రెసిస్టర్ అని మరొకటి వుండాలి. లేదా, రెట్టింపు కరెంటు పారి కాయిలు కాగుతుంది, పాయింట్లు మాడతాయి. ఇదంతా సాయబు తర్వాత చెప్పాడు. ముందే అడిగివుంటే ముందే చెప్పేవాడు.

స్పానర్లకోసం పుంగనూరు దాకా నడిచి వెళ్లి వచ్చాను. మా ఆవిడ మాట్లాడకుండా తువ్వాలు విప్పింది. ఉప్పుకాగితంతో పాయింట్లు రుద్ది, పాత కాయిలు బిగించి, కుప్పం చేరేసరికి దీపాలు పెట్టారు.

అమ్మ అరుగుమీదే కూర్చుని వుంది. ఉదయంనుంచీ మెతుకు ముట్టలేదట. నన్ను చూడగానే, "తిన్నావా నాయనా?" అంది.

"బండి చెడిపోయిందమ్మా" అన్నాను. చెడగొట్టింది నేనని ఆవిడ వున్నన్నాళ్లూ చెప్పలేదు. ఈవేళ మీకు చెబుతున్నాను.

ఫోనులో వాడింకా చెబుతూనే వున్నాడు. "కాయిల్లో కరెంటు నిండే సమయం కూడా కంప్యూటరులో మార్చాను నాన్నా, లేకపోతే..."

"తెలుసులేరా. పాతవి యేం చేశావు?"

"నేను పారేయబోతే మీ కోడలు గుడ్డలో చుట్టి దాచింది" అన్నాడు.